గొలుసు నవల పూర్తి చేయడం: ఆరుగురు రచయితలు, 32 అధ్యాయాలు, సగం అను ఫాంట్ల ఫైళ్లు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రేవు_కబుర్లు
అందరికీ నమస్కారం. కాలేజీ మిత్రులం ఆరుగురం కలిసి మొదలుపెట్టిన గొలుసు నవల ఇన్నేళ్లకు చివరికొచ్చింది. ఒకరు అధ్యాయం రాస్తే తర్వాతివారు అక్కణ్నుంచి అందుకోవాలి, అదే నియమం. 32 అధ్యాయాలు అయ్యాయి, దాదాపు 60,000 మాటలు. ఇంకో రెండు రాస్తే కథ ముగుస్తుంది. కథాకాలం 2003లో రాజమండ్రిలో మొదలై 2016 చివర్లో హైదరాబాదులో ఆగుతుంది.

మొదటి 15 అధ్యాయాలు అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్ ఫైళ్లుగా ఉన్నాయి. మిగతావి యూనికోడ్‌లో, కొన్ని గూగుల్ డాక్స్, కొన్ని వాట్సాప్ గ్రూపులో. మాలో ఒకరు కాలం చేశారు. కథకు ఆయువుపట్టు లాంటి 5 అధ్యాయాలు ఆయనవే. ఇద్దరు అమెరికాలో ఉన్నారు. పుస్తకంగా వేయాలని అందరి కోరిక. ఏ పని ముందు, ఏది తర్వాత? ఎక్కడ దెబ్బ తింటామో కూడా చెప్పండి.

ప్రూఫుగది
రేవు గారూ, ఆ చివరి రెండు అధ్యాయాలు ఇప్పుడే రాయకండి. గొలుసు నవల ముగింపు దగ్గర ఆగిపోవడానికి ఎక్కువగా ఒకటే కారణం: వెనక ఏం జరిగిందో రాసేవాళ్లలో ఎవరికీ పూర్తిగా గుర్తుండదు. గుర్తున్నంత మేరకు ముగింపు రాసేస్తారు. అది చదివిన మరొకరు "11వ అధ్యాయంలో నేను రాసింది ఏమైంది?" అంటారు. అక్కడితో చర్చ మొదలై, పని ఆగుతుంది.

వరస ఇలా పెట్టుకోండి. మొత్తం పాఠం ఒకే యూనికోడ్ ఫైలుగా చేయాలి. ఆ ఫైలు మీద పట్టిక కట్టాలి. పట్టికలోంచి తేలని విషయాల జాబితా తీయాలి. దాన్ని దగ్గర పెట్టుకుని ముగింపు రాయాలి. తర్వాత సవరణ, పాఠం మూసివేత (ఇక మార్పులు లేవని ఖాయం చేయడం), పేజీలు, ప్రూఫులు, అచ్చు. పాఠం మూసేదాకా డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కట్టడం) జోలికి వెళ్లొద్దు. పేజీలు కట్టాక ఒక పేరా తీస్తే ఆ అధ్యాయం చివరిదాకా పేజీలు కదులుతాయి, ప్రూఫు మళ్లీ మొదటికొస్తుంది.

పట్టికకు ఏ స్ప్రెడ్‌షీటైనా చాలు. ఒక్కో అధ్యాయాన్ని దృశ్యాలుగా విడగొట్టి, దృశ్యానికి ఒక వరస కేటాయించండి. నిలువు గళ్లు: అధ్యాయం, రాసినవారు, తేదీ-వారం, చోటు, ఆ దృశ్యంలో ఉన్నవాళ్లు, ఎవరికి కొత్తగా ఏం తెలిసింది, చేతులు మారిన వస్తువు లేదా డబ్బు, తేలకుండా వదిలేసింది. వీటిలో "ఎవరికి ఏం తెలిసింది" అన్న గడి అన్నిటికన్నా ముఖ్యం. ముందు అధ్యాయంలోని రహస్యం తర్వాత రాసేవారికి తెలుసు కదా, తెలియకుండానే దాన్ని పాత్ర నోట పలికిస్తారు. ఒక్కరే రాసిన నవలలో ఈ తప్పు అరుదు, గొలుసు నవలలో దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది.

వదిలేసిన వాటిని మూడు రకాలుగా విడదీయండి. పాఠకుడు చివరిదాకా ఎదురుచూసేవి ముగింపులో తేలాలి. ఒక్క వాక్యంతో సరిపెట్టగలిగేవి ఉంటాయి, ఊరు వదిలి వెళ్లిన పక్కింటాయన లాంటివి. మూడో రకం, ఎవరో ఉత్సాహంతో ప్రవేశపెట్టగా మిగతావాళ్లెవరూ అందుకోనివి. వీటికి ముగింపులో జవాబు వెతక్కండి, పుట్టిన చోటే తీసేయండి. అక్కరలేని పాత్రకు ముగింపు ఇవ్వాలని చూసినప్పుడే చివరి అధ్యాయాలు ఉబ్బిపోతాయి.

ఇంకొకటి. ఆరుగురిలో ఒక్కరిని సంపాదకులుగా ఒప్పుకోండి. ఆరుగురూ సలహా ఇవ్వొచ్చు, కామా దగ్గర్నుంచి కథ మలుపు దాకా చివరి మాట మాత్రం ఆ ఒక్కరిదే. స్నేహితుల మధ్య ఇది నోటిమాటగా ఉంటే నిలవదు. గ్రూపులో రాసి, అందరి చేతా సరే అనిపించుకోండి.

చిక్కడపల్లి_చౌరస్తా
ప్రూఫుగది మేడం చెప్పిన పట్టికకు ఇంకో గడి కలపండ్రి: "ఆ ఏడాదికి సరిపోతదా?" 2003 నుంచి 2016 అంటే మస్తు మారిన కాలం. ఆరుగురు వేర్వేరు ఏండ్లల్ల కూసొని రాసిండ్రు కాబట్టి, రాసిన నాటి సంగతులు కథలకు జొరబడి ఉంటయి. నాకు తట్టినవి రాస్తున్న, ఒక్కొక్కటి వెతికి చూస్కోండ్రి.

రాజమండ్రి, 2003: జులై 30న గోదావరి పుష్కరాలు మొదలైనయి, ఆ రోజు బుధవారం. కథ ఆ రోజుల్ల రేవు పక్కన నడుస్తుంటే జనం, బారికేడ్లు, స్పెషల్ బస్సులు కనబడకుండ ఉండయి. మళ్ల పుష్కరాలు 2015 జులై 14న. హేవలాక్ వంతెన మీద రైళ్లు 1997లనే ఆగినయి. 2003ల పాత్ర రైలెక్కి గోదారి దాటితే రోడ్డు-రైలు వంతెన మీదనో, ఆర్చి వంతెన మీదనో పోవాలె. ఊరి పేరు అధికారికంగ రాజమహేంద్రవరం అయింది 2015ల. మాటల్ల రాజమండ్రి అన్నా తప్పు లేదు, 2016ల సర్కారు కాయితం మీద మాత్రం కొత్త పేరే ఉండాలె.

హైదరాబాదు: శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008 మార్చిల తెరిచిండ్రు. అంతకు ముందు ఎవరు దిగినా బేగంపేటనే. ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2003 ఆగస్టుల వచ్చింది. మెట్రో 2017 నవంబరుల నడిచింది, కాబట్టి మీ కథల ఎవరూ మెట్రో ఎక్కలేరు, పిల్లర్ల కింద ట్రాఫిక్‌ల ఇరుక్కోవచ్చు. 2014 జూన్ 2 తర్వాత కొన్న బండికి టీఎస్ నంబరు. టీజీ అని రాస్తే తప్పు, అది 2024ల వచ్చింది.

ఫోన్లు, పైసలు: 2003 మే దాక ఇన్‌కమింగ్ కాల్‌కు గూడ పైసలు కట్టేది. "ఊకె ఫోన్ చేసుకుంట కూసున్నడు" అన్న వాక్యం ఆ సంవత్సరంల ఉంటే ఆలోచించుండ్రి. వాట్సాప్ 2009ల పుట్టింది, 2007ల ఎవరికన్న మెసేజ్ వచ్చిందంటే అది ఎస్సెమ్మెస్సే. టెలిగ్రాం 2013 జులైల బందైంది. 108 బండి 2005 ఆగస్టుకు ముందు లేదు. 2016 నవంబర్ 8, మంగళవారం రాత్రి, 500, 1000 నోట్లు రద్దయినయి. కథ 2016 ఆఖరుకు ముగుస్తదంటున్నరు, ఎవరి చేతిలన్న నగదు పెట్టిండ్రా, ఏ నోట్లు పెట్టిండ్రు? ఆ తేదీకి ముందు 2,000 నోటు కనబడితే అయిపాయె.

పండుగలకు ఆ ఏడాది పంచాంగమో, పాత కేలండరో చూడాలె. సంక్రాంతి తప్ప మిగతావాటి తేదీలు ప్రతి ఏడు మారుతయి.

పేజీమేకర్_కాలం
అను ఫైళ్ల సంగతి నేను చెప్తా. మార్చడం మొదలుపెట్టక ముందే, అను ఫాంట్లు ఉన్న మెషీన్ మీద ఒక్కో ఫైలూ తెరిచి పీడీఎఫ్ తీయండి, వీలైతే కాగితం మీద ప్రింటు కూడా. ఈ ఫాంట్లలో ఉన్నది అసలు తెలుగు అక్షరాల కోడు కాదు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో పెట్టిన తెలుగు ముక్కలు. ఫాంటు లేని చోట తెరిస్తే చెత్తలా కనిపిస్తుంది. మార్చాక ఏదైనా మాట అనుమానంగా ఉంటే పోల్చుకోవడానికి ఆ పీడీఎఫ్ ఒక్కటే ఆధారం.

పేజ్‌మేకర్ దొరక్కపోతే ఇన్‌డిజైన్ సీఎస్6 ఉన్నవాళ్లను పట్టుకోండి, పేజ్‌మేకర్ 6.0 నుంచి 7 వరకు ఫైళ్లను అది తెరుస్తుంది. ఒక్కో అధ్యాయాన్ని విడి ఫైలుగా ఎగుమతి చేయండి. 15 కలిపి ఒకేసారి మారిస్తే తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోలేరు. ఏ అను వర్షన్‌లో కొట్టారో కూడా కనుక్కోండి. ఒకదానికి సరిపోయిన కన్వర్టర్ మరోదానికి కొన్ని అక్షరాలు తారుమారు చేయొచ్చు. ముందు రెండు పేజీలు మార్చి, పీడీఎఫ్‌తో అక్షరం అక్షరం పోల్చాకే మిగతాది మొదలుపెట్టండి.

మార్చాక చెడేవి ఇవి:

పాఠంలో ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉన్న మాటలు. కన్వర్టర్ వాటిని కూడా అను ముక్కలనుకుని అర్థం లేని తెలుగుగా మారుస్తుంది. వాటిని ముందే ప్రింటు మీద గుర్తు పెట్టుకుని, తర్వాత చేత్తో కొట్టడమే మార్గం.

ర వత్తు, క్ష, ఐత్వం. అను ముక్కల్లో ఇవి కంటికి కనిపించే వరసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరసలో ఉండాలి. పక్క అక్షరానికి అతుక్కున్నాయేమో చూడండి.

ఉద్ధరణ గుర్తులు, డాష్‌లు. తెరిచే గుర్తు, మూసే గుర్తు ఒకేలా వస్తాయి, లేదా వేరే అక్షరంగా మారతాయి.

సున్న. అంకె ౦ వేరు, పూర్ణానుస్వారం ం వేరు. కంటికి తేడా తెలియదు, వెతుకులాటలో మాత్రం మాట దొరకదు. అంకె సున్నాను వెతికి, తెలుగు అక్షరం పక్కన కనిపించిన ప్రతిదాన్నీ సరిచేయండి.

పొల్లు తర్వాత విడిగా నిలవాల్సిన అక్షరం. "సాఫ్ట్‌వేర్", "రాజ్‌కుమార్" లాంటి మాటల్లో కనిపించని విడదీత గుర్తు లేకపోతే వత్తు పడిపోతుంది. పరభాషా పేర్లన్నీ జాబితా రాసుకుని ఒక్కొక్కటీ వెతికి మార్చండి.

ప్రతి పంక్తి చివరా మిగిలిపోయే ఎంటర్లు. పేజీలు కట్టేటప్పుడు పేరాలు ముక్కలవుతాయి.

వాట్సాప్ అధ్యాయాలను స్క్రీన్ మీంచి కాపీ చేయకండి, ప్రతి ముక్కకూ పేరు, సమయం అంటుకొస్తాయి. చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి, వచ్చిన టెక్స్టు ఫైల్లోంచి ఏరండి. ఒకే ముక్కను సరిదిద్ది రెండోసారి పంపిన సందర్భాలు ఉంటాయి. రెండూ దొరికితే తర్వాతి తేదీది ఉంచండి.

ఫ్రీమాంట్_నుంచి
అమెరికా మిత్రులతో సమయం గురించి ఒక మాట. ఇండియాలో రాత్రి 9.30 అయితే కాలిఫోర్నియాలో వేసవిలో ఉదయం 9, చలికాలంలో 8. డాలస్‌లో 11, లేదా 10. శని, ఆదివారాల్లో ఆ గంట అందరికీ కుదురుతుంది.

ముగింపు రాసే ముందు అందరూ కలిసి మొత్తం నవలను పైకి చదవడం మంచిది. తెలుగు నిదానంగా చదివితే నిమిషానికి దాదాపు 100 మాటలు, అంటే 60,000 మాటలకు 10 గంటలు. రెండేసి గంటల చొప్పున 5 విడతలు పెట్టుకోండి. తన అధ్యాయం తాను చదవకూడదు, పక్కవారిది చదవాలి. చదివేవారు తడబడిన చోట వాక్యంలో ఏదో ఉంది, గుర్తు పెట్టుకోండి. ఆ చదువులో మాటల సవరణ మాత్రం మొదలెట్టొద్దు, మొదలెడితే విడతకు 10 పేజీలు కూడా దాటవు.

ఫైలు ఒక్కటే ఉండాలి. సంపాదకులు కాక మిగతావాళ్లంతా గూగుల్ డాక్స్‌లో "సూచన" పద్ధతిలోనే ముట్టుకోవాలి. ఎవరైనా సొంత కాపీ దించుకుని వర్డ్‌లో మార్చి పంపితే, రెండు ఫైళ్లను వర్డ్‌లోని "కంపేర్"తో పోల్చాకే తీసుకోండి.

రేవు_కబుర్లు
చాలా ఉపయోగం అండి, అందరికీ ధన్యవాదాలు. పుష్కరాల సంగతి నిజంగా మా పాఠంలో లేదు, 2003 ఆగస్టు మొదటి వారంలో రెండు అధ్యాయాలు రేవులోనే నడుస్తాయి. కలుపుతాం.

రెండు సందేహాలు. కాలం చేసిన మిత్రుడి అధ్యాయాలను సవరించవచ్చా? హక్కుల సంగతేమిటి? రెండోది, ఆరుగురి భాష ఆరు రకాలు. ఒకరు "వొక" అంటారు, ఒకరు "ఒక". ఒకటి చేయాలా?

కాపీహక్కు
మొదటిదానికి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఎవరి భాగం ఎవరిదో విడదీయలేనప్పుడే దాన్ని ఉమ్మడి రచన అంటారు. మీ నవలలో అధ్యాయానికి ఒక రచయిత ఉన్నారు కాబట్టి ఎవరి అధ్యాయం మీద హక్కు వారిది. మరణించినవారి హక్కు వారసులకు వెళ్తుంది, మరణం తర్వాతి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు ఉంటుంది. అంటే ఆ 5 అధ్యాయాలు అచ్చువేయడానికి వారసుల రాతపూర్వక అనుమతి కావాలి. స్నేహం ఎంత పాతదైనా ఇది వదలకండి.

అనుమతి పత్రం ఒక పేజీ చాలు, మిగిలిన ఐదుగురూ కూడా సంతకం చేయాలి. అందులో తప్పక ఉండాల్సినవి: ఏ అధ్యాయాలు, ఏ హక్కులు (అచ్చు, ఈ-బుక్, ఆడియో, అనువాదం విడివిడిగా), ఎంతకాలం, ఏ ప్రాంతంలో, డబ్బు వస్తే ఎవరికెంత. కాలం రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అమెరికాలో ఈ-బుక్ అమ్మాలంటే "ప్రపంచమంతటా" అని రాయాల్సిందే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, పత్రంలో వేరే గడువు లేనప్పుడు, అది రద్దయినట్టే. మీ పని నెమ్మదిగా సాగేది, గడువు 3 ఏళ్లు అని రాసుకోండి.

సవరణ మాట. హక్కు రాసిచ్చాక కూడా, తన రచనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు రచయితకు మిగులుతుంది, ఆయన తరఫున వారసులు దాన్ని వాడుకోవచ్చు. కాబట్టి పత్రంలో "అక్షరదోషాలు, తేదీలు, పేర్ల పొంతన మేరకు సవరణకు అనుమతి" అని స్పష్టంగా పెట్టి, సవరించిన పాఠం వారికి చూపించండి.

ప్రూఫుగది
ఆయన అధ్యాయాల్లో పొంతన తప్పితే, సాధ్యమైనంతవరకు మిగతావాళ్ల అధ్యాయాల్లోనే దిద్దుకోండి. ఆయన నవంబరు అని రాస్తే మీరంతా నవంబరుకు రండి. అది చట్టం కోసం అని కాదు, ఆయనను అడిగి మార్చే వీలు ఇక లేదు కనక.

భాష గురించి. వర్ణక్రమం ఒకటి చేయండి, వాక్యం నడక ముట్టుకోకండి. రెండింటినీ కలిపి చూస్తే చిక్కు. "చేసాడు/చేశాడు", "నించి/నుంచి/నుండి", "ఐతే/అయితే", "కూచుని/కూర్చుని", "వొక/ఒక", "మొహం/ముఖం" లాంటివి ఒక పేజీలో జతలుగా రాసి, ఒక్కోదానికి ఒక రూపం తేల్చి, కథనంలో అంతటా అదే ఉంచండి. అంకెలు ఎక్కడ అక్షరాల్లో, ఎక్కడ అంకెల్లో అన్నది కూడా అక్కడే రాయండి.

చిక్కడపల్లి_చౌరస్తా
మేడం, నేను కొంచెం ఒప్పుకోను. గొలుసు నవల అంటేనే ఆరు గొంతులు. "వొక" అని రాసేటాయన కావాలని రాస్తడు. దాన్ని "ఒక" చేస్తే ఆయన రాత సగం పాయె. అధ్యాయం మొదట్ల రచయిత పేరు పెడితే పాఠకుడికి తేడా అర్థమైతది.

ప్రూఫుగది
పేర్లు అధ్యాయాల మీద వేస్తే మీ మాటే సరి, కథనంలోనూ ఎవరి రూపం వారికి ఉంచొచ్చు. అయితే ఒక రచయిత అధ్యాయాలన్నిటిలో ఒకేలా ఉండాలి. అదే మనిషి ఒకచోట "వొక", ఇంకోచోట "ఒక" అని రాస్తే అది శైలి అనిపించుకోదు. పేర్లు వేయకుండా ఒకే నవలగా ఇస్తే మాత్రం పాఠకుడికి అవన్నీ అచ్చుతప్పుల్లా కనిపిస్తాయి. రేవు గారూ, ముందు ఇది తేల్చుకోండి, మిగతా నిర్ణయాలు దీన్ని బట్టే.

ఏ పద్ధతిలోనైనా పాత్రల సంభాషణ మాత్రం పాత్రది, రచయితది కాదు. రాజమండ్రి అవ్వ 4వ అధ్యాయంలో "ఎక్కడికెళ్తన్నావ్రా" అని, 19లో "ఎక్కడికి వెళ్తున్నావురా" అని మాట్లాడకూడదు. పాత్రకో పేజీ తీసుకుని, ఆమె అన్న మాటలన్నీ వరసగా అతికించి చదవండి. ఎక్కడ గొంతు మారిందో వెంటనే తెలుస్తుంది.

బెజవాడ_ఫారం
అచ్చు లెక్క నేను చెప్తానండి. 1/8 డెమ్మీ అనుకుందాం, కోసాక 5.5 × 8.5 అంగుళాలు. 12 పాయింట్ల అక్షరం, పేజీకి 29 పంక్తులు పెడితే 220 మాటల దాకా పడతాయి. ముగింపు కలుపుకుని 64,000 మాటలకు 291 పేజీలు. 34 అధ్యాయాలూ కొత్త పేజీ మీద మొదలైతే సగటున అరపేజీ చొప్పున 17 పేజీలు ఖాళీ పోతాయి. ముందు పేజీలు (పేరు పేజీ, విషయసూచిక వంటివి) 10, 12. మొత్తం 320కి సర్దండి, సరిగ్గా 20 ఫారాలు. ఫారం అంటే 16 పేజీలు. 323 వచ్చిందంటే ఆ మూడు పేజీల కోసం ఇంకో అర ఫారం, దాని ప్లేట్లు, కాగితం. ఒక పంక్తి పెంచో, అధ్యాయం పేరు పైన ఖాళీ తగ్గించో 320కి తీసుకురావచ్చు.

18 × 23 అంగుళాల షీటు మీద ఒక వైపు 8 పేజీలు పడతాయి, కాబట్టి పుస్తకానికి 20 షీట్లు. 500 కాపీలకు 10,000 షీట్లు, అంటే 20 రీములు, వేస్టేజీకి మరో రీము. ప్లేట్లు ఫారానికి రెండు, మొత్తం 40. 200 వేసినా, 1,000 వేసినా ప్లేట్ల ఖర్చు అంతే, అందుకే కాపీలు తక్కువైతే ఆఫ్‌సెట్‌లో ఒక్కోటి ఖరీదు పడుతుంది. 200, 300 దాకా డిజిటల్, 500 పైన ఆఫ్‌సెట్ అడగండి, మధ్యలో అయితే రెండు కొటేషన్లూ తీసుకోండి. కొటేషన్‌లో కాగితం పేరు, జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో), బైండింగ్ రకం, లామినేషన్, జీఎస్టీ కలిపారా లేదా, రవాణా ఎవరిది, ఇవన్నీ రాయించుకోండి.

కాగితం 70 జీఎస్‌ఎం మ్యాప్‌లిథో లేదా నేచురల్ షేడ్. నవలకు నేచురల్ షేడ్ కళ్లకు హాయి. 320 పేజీల పుస్తకం 70లో 360 గ్రాముల దాకా తూగుతుంది, 80లో 400 దాటుతుంది. పోస్టులో పంపేవాళ్లకు, అమెరికాకు సూట్‌కేసులో తీసుకెళ్లేవాళ్లకు ఆ తేడా లెక్కలోకొస్తుంది. కాగితం పీచు పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండాలని చెప్పండి. అడ్డంగా ఉంటే పుస్తకం తెరుచుకోదు, వానాకాలంలో వెన్ను దగ్గర పేజీలు అలలు తిరుగుతాయి.

పర్ఫెక్ట్ బైండింగ్‌లో వెన్నును 2, 3 మిల్లీమీటర్లు చెక్కి గమ్ము పూస్తారు. లోపలి అంచు కనీసం 0.75 అంగుళం వదలకపోతే పంక్తి మొదళ్లు మడతలోకి పోతాయి. నాలుగు కాలాలు ఉండాలనుకుంటే ఫారాలు కుట్టించండి, కొంచెం ఖర్చు, కాని 320 పేజీలకు అదే మంచిది. అట్టకు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్, మడత దగ్గర క్రీజింగ్. వెన్ను మందం 70 జీఎస్‌ఎంకు 14, 15 మిల్లీమీటర్లు వస్తుంది. అయినా లెక్కను నమ్మకుండా, అదే కాగితంతో ప్రెస్సువాళ్ల చేత డమ్మీ కట్టించి కొలిచాకే అట్ట డిజైను ముగించండి.

పేజీమేకర్_కాలం
ఫారం గారు 29 పంక్తులన్నారు, దానికి 12 మీద 17 పాయింట్ల పంక్తి దూరం అవుతుంది. తెలుగులో అంతకన్నా తగ్గిస్తే పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులను తాకుతాయి. "స్త్రీ", "క్ష్మి" లాంటివి ఉన్న పంక్తులను చూసి ఖాయం చేయండి.

ఇన్‌డిజైన్‌లో పేరా స్టైలులో "వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్" ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. తెలుగు చెడిపోయిందని ఫైళ్లను తిరగగొట్టేవాళ్లను చాలామందిని చూస్తాం, ఆ ఒక్క సెట్టింగు మారిస్తే సరిపోయేది. లిబ్రాఫీస్‌లో అయితే ఫాంటును "సీటీఎల్" (తెలుగు లాంటి లిపుల విభాగం) అని ఉండే చోట ఎంచుకోవాలి, "వెస్టర్న్" అని ఉండే చోట మారిస్తే తెలుగు మారదు. ఫాంటు విషయంలో పాఠానికి మండలి, శీర్షికలకు రామభద్ర ప్రయత్నించి చూడండి. రెండూ సిలికానాంధ్ర విడుదల చేసినవి, ఉచిత లైసెన్సు. నోటో సెరిఫ్ తెలుగు కూడా బాగుంటుంది. అక్షరాల మధ్య దూరం సున్నా దగ్గరే ఉంచండి, సాగదీయాల్సి వస్తే మాటల మధ్యే సాగదీయండి.

పాఠం నలుపు ఒక్క రంగులోనే ఉండాలి. వర్డ్‌లోంచి వచ్చిన నలుపు కొన్నిసార్లు నాలుగు రంగుల కలయికగా మారుతుంది, అచ్చులో అక్షరం చుట్టూ నీడ కనిపిస్తుంది.

ప్రూఫుగది
ప్రూఫులు మూడు. మొదటిది పాఠం కోసం: ఒకరు మూలం చదువుతుంటే మరొకరు ప్రూఫు మీద వేలు పెట్టి అనుసరించాలి. ఎవరి అధ్యాయం వారు చూడొద్దు, రాసినవారికి కాగితం మీద ఉన్నది కనపడదు, రాయాలనుకున్నది కనపడుతుంది. రెండోది గుర్తు పెట్టిన దిద్దుబాట్లు పడ్డాయా, పక్కన కొత్త తప్పు పుట్టిందా అని. మూడోది పేజీ కోసం: పేజీ సంఖ్యలు, పైన అధ్యాయం పేర్లు, విషయసూచికతో పొంతన, పేజీ నెత్తిన ఒంటరిగా పడ్డ చివరి పంక్తులు. మూడో ప్రూఫులో ఎవరైనా వాక్యం మెరుగుపరుస్తానంటే సంపాదకులు కాదనాలి. అట్ట ప్రూఫును విడిగా, అందరూ చూడాలి. లోపల 320 పేజీలు జల్లెడ పట్టి, వెన్ను మీద పేరు తప్పు పోయిన పుస్తకాలు అలమరల్లో ఉన్నాయి.

ఫ్రీమాంట్_నుంచి
ప్రెస్సుకు ఇచ్చే ముందు డిజిటల్‌లో రెండు కాపీలు తీయించి ఒకటి ఇక్కడికి పంపించండి. స్క్రీన్ మీద ఎన్నిసార్లు చూసినా పట్టుబడనివి చేతిలో పుస్తకంగా చూస్తే కనిపిస్తాయి.

బెజవాడ_ఫారం
ఒక కాపీ అక్కడికి వెళ్లి, వాళ్లు చదివి, జవాబు రావడానికి నెల పట్టొచ్చండి. అక్కడివాళ్లు పీడీఎఫ్‌ను ఆఫీసులో నిజ కొలతలో ప్రింటు తీసుకుని చూస్తే చాలు. అయితే ఇక్కడివాళ్లు డిజిటల్ కాపీ చూడాల్సిందే, అందులో సందేహం లేదు.

తేదీల మాట కూడా చెప్పాలి. నవంబరు, డిసెంబరు నెలల్లో ప్రెస్సులు కేలండర్లు, డైరీలతో నిండిపోతాయి. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనకో, జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవానికో అందాలంటే ఫైలు అక్టోబరు మొదట్లో ప్రెస్సులో ఉండాలి. అంటే పాఠం మూసివేత జులై ఆఖరుకల్లా.

రేవు_కబుర్లు
అధ్యాయాల మీద పేర్లు వేయాలనే నిర్ణయించాం. ఆ లెక్కన ఎవరి వర్ణక్రమం వారిదే ఉంటుంది, ప్రూఫుగది గారు చెప్పినట్టు ఒక్కొక్కరికీ విడి జతల పేజీ తయారు చేస్తున్నాం. 300 కాపీలు అనుకుంటున్నాం. ఇంకా అడగాల్సినవి: ముఖపత్రం మీద పేర్ల వరస, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు), అమ్మకం.

చిక్కడపల్లి_చౌరస్తా
పేర్లు అకారాది క్రమంల పెట్టుండ్రి. ఎవరు ఎక్కువ రాసిండ్రు అన్న లెక్క మొదలైతే ఆగది. ఇంటి పేరుతోనా, సొంత పేరుతోనా అన్నది ముందే ఖాయం చేస్కోండ్రి, వరస దాంతోటి మారుతది. పోయిన మిత్రుడి పేరు గూడ అదే వరసల, అదే అక్షరం సైజుల ఉండాలె. స్మృతి వాక్యం పెట్టాలనుకుంటే లోపల విడి పేజీల పెట్టొచ్చు.

అమ్మకానికి షాపులు, పంపిణీదారులు ముఖవిలువ మీద 40 శాతం దాక కమీషన్ అడుగుతరు. వెల పెట్టేటప్పుడే అది చూసుకోవాలె. 300ల వంద కాపీలు ఆరు కుటుంబాలు, తెలిసినోళ్లకే పోతయి, 50 సమీక్షలకు, లైబ్రరీలకు. మిగిలిన 150 పుస్తక ప్రదర్శనల నిలబడి అమ్మితే పోతయి. 1,000 వేసి అటకెక్కించేకంటె ఇదే నయం.

కాపీహక్కు
ఐఎస్‌బీఎన్‌ను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. కేంద్ర విద్యాశాఖ కింద, ఢిల్లీలో ఉంటుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లో. అచ్చు పుస్తకానికి ఒక నంబరు, ఈ-బుక్‌కు వేరే నంబరు కావాలి. నంబరు చేతికొచ్చాకే అట్ట ముగుస్తుంది కాబట్టి, పాఠం మూసిన వెంటనే దరఖాస్తు పెట్టండి. ప్రచురణకర్త పేరు ఏది ఉండాలో ఆ లోపు తేల్చుకోండి. దరఖాస్తులో ఇచ్చిన పేరే పుస్తకం మీదా ఉండాలి.

పేజీమేకర్_కాలం
బార్‌కోడు వెనక అట్ట మీద తెల్ల గడిలో నల్లగా ఉండాలి. అసలు వెడల్పు 37 మిల్లీమీటర్లు, 80 శాతం కన్నా తగ్గించొద్దు, అంటే 30కి తగ్గకూడదు. ముదురు రంగు అట్ట మీద నేరుగా వేస్తే స్కానరు చదవదు.

రేవు_కబుర్లు
ప్రచురణ బాధ్యత నా పేరు మీదే ఉంటుంది. పుస్తకం వచ్చాక ప్రభుత్వానికి పంపాల్సిన కాపీలేమైనా ఉన్నాయా?

కాపీహక్కు
ఉన్నాయి. 1954 చట్టం ప్రకారం, విడుదలైన 30 రోజుల్లోగా మీ ఖర్చుతో నాలుగు కాపీలు పంపాలి: కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా లైబ్రరీ, ముంబై ఏషియాటిక్ సొసైటీ సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కొక్కటి. మంచి కాపీలు ఏరి పంపండి, పోస్టు రసీదులు అనుమతి పత్రాలతో పాటు దాచుకోండి. 300 లెక్కలో ఈ నాలుగూ ముందే తీసి పెట్టుకోండి.